పూత మీది జిగురు: గంజాయి పుట్టుపూర్వోత్తరాలు

చింతూరు నుంచి భద్రాచలం వచ్చే రోడ్డు మీద పోలీసులు ఆపిన బండ్లలో తరచూ బయటపడేవి ఒకే తరహా పొట్లాలు. ఎండిన పూతను గట్టిగా అదిమి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, వాసన బయటికి రాకుండా గోధుమరంగు టేపు పొరలు పొరలుగా వేస్తారు. మల్కన్‌గిరి, సీలేరు, చింతపల్లి కొండల్లో కోసిన సరుకు చింతూరు కూడలికి దిగుతుంది. భద్రాచలం దగ్గర గోదావరి వంతెన దాటి కొత్తగూడెం, ఖమ్మం మీదుగా హైదరాబాదు చేరుతుంది. అక్కడి నుంచి మహారాష్ట్రకూ పోతుంది.

ఆ పూతను భూతద్దం కింద పెట్టి చూడండి. ఆడమొక్క పూత నిండా సన్నని నూగు, ఒక్కో కాడ చివర మెరిసే జిగురు బొట్టు కనిపిస్తాయి. కన్నాబినాయిడ్లు అనే వందకు పైగా రసాయనాలు పుట్టేది అక్కడే. మత్తెక్కించే టీహెచ్‌సీ పచ్చిపూతలో ఆమ్లరూపంలో ఉంటుంది, అప్పుడు మత్తివ్వదు. నిప్పు సెగ తగిలాకే అసలు గుణం బయటపడుతుంది, చిలుంలో వేసి కాల్చేది అందుకే. అదే జిగురులో సీబీడీ అనే మరో పదార్థం ఉంది. దానికి మత్తు గుణం లేదు.

ఈ మొక్క మనకు కొత్త కాదు. ఆయుర్వేదం దీన్ని విజయ అంది, శుద్ధి చేశాకే వాడమంది. ఆధునిక వైద్యంలోకి దీన్ని తెచ్చింది కలకత్తా మెడికల్ కాలేజీలో పనిచేసిన ఐరిష్ వైద్యుడు ఓషానెసీ. 1839లో ఆయన ముందు జంతువుల మీద, తర్వాత ధనుర్వాతం, కలరా రోగుల మీద గంజాయి సారాన్ని పరీక్షించాడు. మూర్ఛలతో గిలగిలలాడుతున్న నలభై రోజుల పసిబిడ్డకూ చుక్కల మందుగా ఇచ్చాడు. బిడ్డ కోలుకుంది.

తెల్లదొరల సర్కారుకు మాత్రం ఇది పన్నులు రాల్చే సరుకు. కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని దగ్గుబాడు చుట్టుపక్కల ఆ రోజుల్లో గంజాయి బాహాటంగానే సాగయ్యేది. ఈ సరుకు మీద 1893లో వేసిన కమిషన్ వెయ్యి మందికి పైగా సాక్షులను విచారించింది. మితంగా వాడితే పెద్ద హాని లేదు, నిషేధం వద్దు, కట్టడి చాలు అని తేల్చింది. ఇవాళ ఈ సరుకు దాటే భద్రాచలం అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, గోదావరి ఆవలి గట్టు నిజాముది. 1959లో గానీ భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలవలేదు. 2014లో చింతూరు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. ఆంధ్ర, తెలంగాణ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ దగ్గరదగ్గరగా కలిసే ఈ అడవిలో ఒక రాష్ట్రం పోలీసులు తరిమితే పక్క రాష్ట్రంలో తేలడం రవాణాదారుకు నిమిషాల పని.

1961 అంతర్జాతీయ ఒప్పందం గంజాయిని హెరాయిన్ పక్కన కూర్చోబెట్టింది. 1985లో మన ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. పూత నేరమైంది, పూత లేని ఆకు ఆ నిర్వచనంలోకి రాలేదు కాబట్టి ఆకుతో చేసే భంగు బతికిపోయింది. సరిగ్గా అదే ఏడాది అమెరికా, కీమోథెరపీ వాంతులు ఆపడానికి ల్యాబులో తయారైన టీహెచ్‌సీని మందుగా అనుమతించింది.

ఆ మందుకు మూలం కూడా పోలీసులు పట్టుకున్న సరుకే. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త మెషూలం పోలీసుల దగ్గర ఐదు కిలోల హషీష్ (గంజాయి జిగురు) అడిగి తెచ్చుకుని, 1963లో సీబీడీ నిర్మాణాన్ని, మరుసటి ఏడు టీహెచ్‌సీని తేల్చాడు. దాని వెంట నడిచిన పరిశోధనలో, మన మెదడే టీహెచ్‌సీ లాంటి పదార్థాన్ని తయారుచేసుకుంటుందని 1992లో తెలిసింది. 2018లో పిల్లల్లో మొండి మూర్ఛలకు సీబీడీ మందు అమెరికాలో అనుమతి పొందింది. ఓషానెసీ పసిబిడ్డకు చుక్కలు వేసిన 179 ఏళ్లకు!

ఆ పరిశోధనలోంచే విషమూ పుట్టింది. క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో హఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త ఇలాంటి పదార్థాలు అతుక్కునే మెదడు గ్రాహకాల తీరు తెలుసుకోవడానికి జేడబ్ల్యూహెచ్-018 తయారుచేశాడు. దాన్ని ఎండుటాకుల మీద చల్లి ‘స్పైస్’ పేరుతో అమ్ముతున్నారని 2008లో జర్మనీలో బయటపడింది. టీహెచ్‌సీ ఆ గ్రాహకాలను కొంతవరకే కదిలిస్తుంది, ఇలాంటి కృత్రిమ రకాలు పూర్తిగా కదిలిస్తాయి. అందుకే మూర్ఛలు, మతిభ్రమ, కిడ్నీ దెబ్బతినడం, ప్రాణాలు పోవడం. ‘సింథటిక్ గంజాయి’ అన్న మాట విని ఇది గంజాయి లాంటిదేలే అనుకోవడం ప్రమాదకరం.

అలాగని పూత గంజాయి నిరపాయమని నేను ఒప్పుకోను. పదిహేను, పదహారేళ్ల వయసులో రోజూ పీల్చే పిల్లలకు జ్ఞాపకశక్తి దెబ్బతింటుంది, మతిస్థిమితం తప్పే ముప్పు పెరుగుతుంది. కానీ ఇరవై కిలోలకు మించి దొరికితే పదేళ్లకు తగ్గని జైలు. ఆ శిక్ష పడేది ఎక్కువగా కూలికి మోసిన కొండ కుర్రాడికి, బండి తోలిన డ్రైవరుకు. సరుకు కొన్నవాడు, పెట్టుబడి పెట్టినవాడు పొట్లం ముట్టుకోరు, రోడ్డు మీదికి రారు. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరిట ఆంధ్ర పోలీసులు ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికారు. ఆ తోటలు పెంచిన రైతుకు కాఫీ, మిరియాలు, రాజ్‌మా గిట్టుబాటయ్యేలా కొనేవాడు లేకపోతే మొక్క మళ్లీ లేస్తుంది. వైద్యం కోసం సాగుకు చట్టంలో దారి ఉంది, జమ్మూలోని కేంద్ర పరిశోధన సంస్థ ఆ పని చేస్తోంది కూడా. మన విశ్వవిద్యాలయాలూ ఆ వైపు చూడాలి.

ఇంట్లో పిల్లవాడు దీనికి అలవాటు పడితే పరువుకు భయపడి దాచకండి. తక్కువ పరిమాణంతో పట్టుబడినవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు సిద్ధపడి దాన్ని పూర్తిచేస్తే, ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ అతన్ని కేసు విచారణ నుంచి కాపాడుతుంది. మత్తు విముక్తికి ఉచిత ఫోన్ నంబరు 14446.