ఓపీటీ: అమెరికాలో చదువుకూ కొలువుకూ మధ్య గడువు

అమెరికాలో డిగ్రీ పూర్తిచేసిన విదేశీ విద్యార్థి ఎఫ్-1 వీసా మీదే అక్కడ ఉండి, తాను చదివిన రంగంలో పని వెతుక్కుని చేయడానికి ఇచ్చే అనుమతి పేరు ఆప్షనల్ ప్రాక్టికల్ ట్రైనింగ్. అమీర్‌పేట నుంచి డల్లాస్ దాకా తెలుగువారి నోట అది ఓపీటీ. మామూలు గడువు ఏడాది. సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగు, గణితం చదివినవారికి, అంటే స్టెమ్ విద్యార్థులకు, మరో రెండేళ్లు కలుస్తాయి. 2024–25 విద్యా సంవత్సరంలో 2,94,253 మంది ఈ అనుమతి మీద ఉన్నారు. వారిలో దాదాపు సగం మంది భారతీయులే.

ఇంతమంది ఆధారపడిన ఈ ఏర్పాటును అమెరికన్ కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేసి పెట్టలేదు. వలస శాఖ రాసుకున్న నిబంధనల్లోంచే ఇది పుట్టింది, వాటితోనే పెరిగింది. దాని బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి.

1924 నాటి వలస చట్టం దేశాలవారీగా కోటాలు పెట్టినా, విద్యార్థులను ఆ లెక్కలోంచి తప్పించింది. 1947లో వచ్చిన నిబంధన, విద్యాసంస్థ సిఫారసు చేస్తే ఆచరణలో శిక్షణ కోసం ఆరేసి నెలల చొప్పున ఉద్యోగం చేయవచ్చంది. 1952 చట్టం ఎఫ్-1 తరగతిని ఏర్పరిచింది. చదువు కోసమే రావాలి, స్వదేశంలో ఇల్లూ వాకిలీ వదులుకోని వ్యక్తి అయి ఉండాలి అన్నది దాని షరతు. ఓపీటీ అనే పేరూ, పన్నెండు నెలల గడువూ 1992 నిబంధనలతో స్థిరపడ్డాయి.

అసలు చిక్కు, ఓపీటీ తరువాత ఉద్యోగంలో కొనసాగడానికి కావాల్సిన హెచ్-1బీ వీసా దగ్గర వచ్చింది. 1990 చట్టం ఆ వీసాలకు ఏటా 65,000 పరిమితి పెట్టింది. ఐటీ జోరు మీదున్న రోజుల్లో దాన్ని తాత్కాలికంగా 1,95,000 దాకా పెంచి, 2004లో మళ్లీ పాత అంకెకే దించారు. అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000 ఇచ్చినా ఆ ద్వారం ఇరుకుగానే మిగిలింది. 2007 ఏప్రిల్‌లో దరఖాస్తుల స్వీకరణ మొదలైన రెండు రోజుల్లోనే పరిమితి దాటిపోయి, వీసా ఎవరికన్నది లాటరీతో తేల్చాల్సి వచ్చింది. ఉద్యోగం చేతిలో ఉన్నా లాటరీలో పేరు రాక, ఓపీటీ గడువు తీరి, పట్టభద్రులు పెట్టె సర్దుకోవాల్సి వచ్చింది. 2008 మార్చిలో మైక్రోసాఫ్ట్ అధిపతి బిల్ గేట్స్ ప్రతినిధుల సభ కమిటీ ముందు ఈ గడువు పెంచమని కోరారు. మరుసటి నెలలోనే స్టెమ్ విద్యార్థులకు 17 నెలల పొడిగింపు వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో హైదరాబాదు పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ తెరుచుకుంది. ఇంజినీరింగు కాలేజీలు ఊరూరా వెలసిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఈ రెండూ కలిసొచ్చాయి.

లాటరీ తగలనివారు దేశంలో నిలవడానికి మరో యూనివర్సిటీలో చేరి, చదువులో భాగంగా పనిచేయనిచ్చే సీపీటీ తీసుకోవడం మొదలుపెట్టారు. ఈ అవసరం చుట్టూ మోసాలు అల్లుకున్నాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అధికారులు దాడి చేసినప్పుడు అక్కడి విద్యార్థుల్లో అత్యధికులు తెలుగువారు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు బిగించడం భారతదేశంలో ఆగ్రహం రేపింది. 2019లో బయటపడ్డ ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీనైతే మిషిగన్‌లో వలస అధికారులే వలగా నడిపారు. విద్యార్థులను చేర్పించారంటూ ఎనిమిది మంది మీద కేసులు పెట్టారు. ఫీజు కట్టినవారిలో వందల మంది దేశం విడిచి రావాల్సి వచ్చింది. నిబంధన తెలిసే దాటినవారు ఉండవచ్చు. కానీ లేని కాలేజీకి ప్రభుత్వమే పేరు పెట్టి ఫీజులు వసూలు చేయడం ఏ కొలతకూ న్యాయం కాదు.

గడువులో మరో గడువు ఉంది. ఓపీటీ మొదలైన తేదీ నుంచి మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. స్టెమ్ పొడిగింపుతో కలిపి అది 150 రోజులు. రెజ్యూమేలో లేని అనుభవం రాసి మార్కెటింగ్ చేసే కన్సల్టెన్సీలకు విద్యార్థి చిక్కేది ఈ రోజుల లెక్క దగ్గరే. విద్యా రుణం కిస్తీ తరుముకొస్తుంటే ఆ బేరానికి తలొగ్గడం తేలిక. తరువాత ఎప్పుడో గ్రీన్‌కార్డు దశలో ఆ అబద్ధం తిరిగి తగులుతుంది.

2008 నాటి స్టెమ్ పొడిగింపును వ్యతిరేకిస్తూ అమెరికన్ టెక్నాలజీ ఉద్యోగుల సంఘం వాష్‌టెక్ కోర్టుకెక్కింది. విద్యార్థికి అమెరికాకు వచ్చిన మొదటి ఐదేళ్లు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు ఉండవు కాబట్టి కంపెనీకి అతడు చవక అన్నది విమర్శకుల వాదనల్లో ఒకటి. ప్రజాభిప్రాయం కోరకుండానే నిబంధన తెచ్చారంటూ 2015 ఆగస్టులో న్యాయమూర్తి దాన్ని కొట్టేశారు. ప్రభుత్వం ఈసారి పద్ధతిగా అభిప్రాయాలు సేకరించి, 2016 మే 10 నుంచి పొడిగింపును 24 నెలలు చేసింది. ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ఈ-వెరిఫై వ్యవస్థలో యజమాని నమోదై ఉండాలన్న పాత షరతును కొనసాగించి, ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక మీద సంతకం చేయాలన్న షరతు చేర్చింది. వాష్‌టెక్ మళ్లీ పోరాడింది. 2022 అక్టోబరులో అప్పీలు కోర్టు 2–1 తేడాతో ఓపీటీ చెల్లుతుందని తీర్పిచ్చింది. ఏడాది తరువాత సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించింది.

 

కోర్టులో నిలిచిన నిబంధనను కూడా మరో నిబంధనతో మార్చవచ్చు. 2025లో అమెరికా ప్రభుత్వం తన నిబంధనల కార్యక్రమంలో ప్రాక్టికల్ ట్రైనింగ్ సవరణను చేర్చింది. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. దేశంలోనే ఉండి ఎఫ్-1 నుంచి మారేవారికి అది వర్తించదని తరువాత వివరణ వచ్చింది. అప్పు చేసి విమానం ఎక్కే విద్యార్థీ, ఆస్తి తాకట్టు పెట్టే తల్లిదండ్రులూ మూడేళ్ల ఓపీటీ జీతాన్ని ఖాయమైన రాబడిగా లెక్కవేసుకోకూడదు.