డాక్టర్ గారి కేస్‌షీటులో మేము

బలహీనంగా పుట్టిన బిడ్డను అనంతపురంలో ఏ ఆస్పత్రికి తీసుకెళ్లినా మేము తరచూ వినే మాట ఒకటుంది. "మీ సాయిబుల్లో దగ్గరి సంబంధాలు ఎక్కువ కదా!" అది అడగడం కాదు, తేల్చేయడం. నిజమే, మా ఖాందాన్లలో అక్కచెల్లెళ్ల పిల్లల మధ్య కూడా రిష్తాలు కుదురుతాయి. కానీ మేనమామ మేనకోడలిని చేసుకోవడం మాకు హరామ్. ఆ పెళ్లిళ్లు తరతరాలుగా జరిగింది మా పక్కింటి హిందూ కుటుంబాల్లో. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ఉన్నచోట వాటిని ఒప్పుకుంది. వారసత్వం లెక్క చూస్తే అక్కచెల్లెళ్ల పిల్లలకు ఉమ్మడిగా ఉండేది ఎనిమిదో వంతు, మేనమామ మేనకోడళ్లకు నాలుగో వంతు. వాళ్లది ఆచారం, మాది రోగం!

ఈ చూపు ఇవాళ్టిది కాదు. అనంతపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ తలలూ ముక్కులూ కొలిచి మనుషుల్ని జాతులుగా విడదీశాడు. 1909లో అచ్చయిన అతని ఏడు సంపుటాల్లో దూదేకుల వాళ్లకూ ఒక పద్దు ఉంది. ముక్కు కొలతలు పోయాయి, ముఖం చూసి నెత్తురు చెప్పే అలవాటు పోలేదు.

అయితే కులం అడగడమే తప్పని మేము అనం. ఆపరేషన్‌లో గొంతులోకి గొట్టం వేయడానికి కండరాలు సడలించే స్కోలిన్ అనే మందు ఇస్తారు. మామూలుగా కొద్ది నిమిషాల్లో దాని ప్రభావం తగ్గిపోతుంది. దాన్ని విరిచే ఎంజైమ్ లోపించిన మనిషికి గంటల తరబడి సొంత ఊపిరి రాదు, మిషన్ మీద ఉంచాల్సిందే. ఆర్యవైశ్యుల్లో ఈ లోపం ఎక్కువని మన మత్తు డాక్టర్లు అనుభవంతో పట్టుకున్నారు. ఎందుకని? కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, శతాబ్దాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల. 2017లో హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు ఇలాంటి 263 సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాల్లో ఈ ముద్ర ఫిన్లాండ్ వాళ్లకంటే, అష్కెనాజీ యూదులకంటే గట్టిగా కనిపించింది. అంటే ఆ ముద్ర వేసింది మతమూ కాదు, ఒంటి రంగూ కాదు. పెళ్లి గడప.

మరి 'ముస్లిం' అనే గడిలో ఏముంది? షేక్, సయ్యద్, పఠాన్, దూదేకుల — ఒక్కో గడప ఒక్కోటి. రిజర్వేషన్ల దగ్గర ప్రభుత్వానికే ఈ తేడా తెలుసు. దూదేకులకు బీసీ-బి, 2007 చట్టంతో మరికొందరికి బీసీ-ఇ. భారత ముస్లింల డీఎన్‌ఏ మీద జరిగిన పరిశోధనల్లోనూ చాలామంది తమ చుట్టూ ఉన్న హిందువులకే దగ్గరగా తేలారు. అరబ్బు, ఇరాన్ జాడలున్నా అవి స్వల్పం. అరేబియా నుంచి ఓడ దిగి వచ్చామని గొప్పలు పోయే మా పెద్దలకూ ఇది కొంచెం చేదే!

ఈ కరువు సీమలో లోతు బోర్ల నీళ్లలోని ఫ్లోరైడ్‌కు ఎముకలు వంకరపోతాయి. దానికి ఖాందాన్‌తో పనిలేదు. బిడ్డ కాళ్లు చూసే డాక్టర్ ముందు ఏ బోరు నీళ్లు తాగుతున్నారో అడగాలి. మత్తు ఇచ్చే డాక్టర్, ఎదుట ఉన్నది కోమటైనా సాయిబైనా, మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆలస్యంగా వచ్చిందా అని అడగాలి.