కోనసముద్రం మూసలు చెప్పిన ఉక్కు రహస్యం

నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం అనే ఊరుంది. అక్కడి నేలలో నల్లటి చిట్టెం గడ్డలూ పగిలిన మట్టి మూసల పెంకులూ దొరుకుతాయి. కొన్ని పెంకుల లోపలివైపు గాజు పూసినట్టు మెరుస్తుంది. దారిన పోయేవాళ్లకు అవి కాలికి తగిలే రాళ్లు. లోహశాస్త్రం చదివినవాళ్లకు మాత్రం రెండు వందల ఏళ్ల కిందటి కొలిమి రాసిపెట్టిన దస్తావేజులు.

ఆ కొలిమిని కళ్లారా చూసినవాడు హెన్రీ వాయిసీ. దేశాన్ని కొలిచే సర్వేలో భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. 1824లో చనిపోయాడు. ఆయన చూసిన వివరాలు 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును కలిపి, మూసలో పెట్టి, మూత బిగించి, గంటల తరబడి కాల్చేవారట. పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు ఆ ఉక్కు కోసమే ఇంత దూరం వచ్చేవారు.

‘వూట్జ్’ అని ఐరోపా పిలిచింది మన ‘ఉక్కు’నే. తెలుగు, కన్నడ నోళ్లలో నలిగిన మాట అది. 1790ల్లో బొంబాయి నుంచి నమూనాలు లండన్‌కు చేరాయి. అప్పటి నుంచి రసాయన శాస్త్రజ్ఞులకు నిద్ర పట్టలేదు. 1819లో మైకేల్ ఫారడే దాన్ని విశ్లేషించాడు. స్వయంగా కమ్మరి కొడుకు. అంతటివాడూ ఇక్కడ తప్పటడుగు వేశాడు. దాని గుణానికి అల్యూమినా, సిలికా కారణమనుకున్నాడు. అసలు కీలకం కర్బనం. అంతకుముందే 1804లో డేవిడ్ మషెట్ అనే స్కాట్లాండ్ లోహకారుడు కర్బనం ఎక్కువగా ఉందని సరిగ్గానే ఊహించాడు. మామూలు ఉక్కులో ఒక శాతం లోపే ఉండే కర్బనం ఇందులో ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది.

మూస సంగతి మరీ ముచ్చటైనది. మట్టిలో వరి ఊక కలిపి మూస చేసేవారు. పెంకులను పలచగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తే ఊక ఆనవాళ్లు కనిపిస్తాయి. కాలిన ఊక సిలికా అస్థిపంజరాన్నీ కర్బనాన్నీ మిగిల్చి, ఇనుము కరిగేంత వేడిలోనూ గోడ కూలకుండా నిలబెట్టింది. కొలిమి నుంచి బయటికెళ్లిన ఉక్కు ముద్ద కత్తిగా మారి ఎక్కడో పోయింది. మూస గోడకు మాత్రం దాని చుక్కలు అతుక్కుని ఉండిపోయాయి. తమిళనాడులోని మేల్‌సిరువలూరు పెంకుల్లో అలాంటి చుక్కలనే పరిశోధకురాలు శారదా శ్రీనివాసన్ పరీక్షించి, అవి అధిక కర్బనపు ఉక్కేనని 1994లో తేల్చారు. కత్తి కనపడకపోయినా సాక్ష్యం చిక్కింది.

ఇక కత్తి మీది అలల మాట. ఈ రకం ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తి అలుగు మీద నీటి మీది అలల్లా గీతలుంటాయి. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ మ్యూజియం సేకరణ నుంచి వచ్చిన పాత కత్తుల ముక్కలను అమెరికా లోహశాస్త్రజ్ఞుడు జాన్ వెర్‌హోవెన్, కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి పరీక్షించారు. 1998లో వాళ్లు చెప్పిన జవాబు ఆశ్చర్యపరిచింది: వనేడియం. పది లక్షల భాగాలకు 40 భాగాలంటే ఉన్నా లేనట్టే లెక్క. అంత కొద్దిపాటి కల్తీ చాలట, మళ్లీ మళ్లీ వేడిచేసి కొట్టే కొద్దీ కార్బైడ్ కణాలు వరుసలు కట్టడానికి. కావాలని వేసింది కాదు, ఖనిజంతో పాటు వచ్చింది. ఖనిజం వచ్చే గని మారితే అదే కమ్మరి, అదే చేయి, అదే పద్ధతితో కొట్టినా అల రాదు. ఆ కళ అంతరించడానికి ఇదీ ఒక కారణమై ఉండవచ్చని వెర్‌హోవెన్ వాదన.

2006లో డ్రెస్‌డెన్ పరిశోధకులు మరో అడుగు వేశారు. 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తే, మిగిలిన దాంట్లో కార్బన్ నానోట్యూబులు కనిపించాయని ‘నేచర్’లో రాశారు. లోహశాస్త్రజ్ఞులందరూ దీన్ని ఒప్పుకోలేదు. అయినా తెలంగాణ పెంకుల వైపు ప్రపంచం మళ్లీ చూసింది.

2010లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని నియాస్ సంస్థ కలిసి ఉత్తర తెలంగాణ పల్లెల్లో తిరిగాయి. స్థానిక చరిత్రకారుడు ఎస్. జైకిషన్ ఎన్నో ఏళ్లు ఒంటరిగా తిరిగి చేసిన శోధన వాళ్లకు దారి చూపింది. పరిశోధకులు చిట్టెం కుప్పలను నమోదు చేశారు, పెంకులు ఏరారు, ఊళ్లలోని కమ్మరులతో కూర్చుని మాట్లాడారు.