వీథిలో పుట్టిన బిడ్డలు

నొప్పులు వచ్చుచున్న స్త్రీకి ఎవరి మాట చెల్లవలెను? పదిమందికి పురుడు పోసిన ముదుసలి మాటయా, శాస్త్రము చదివిన వైద్యుని మాటయా, ఆమె దేహమే ఆమెకు చెప్పు మాటయా? ఈ తగవు చాల పాతది. చరకసంహిత శారీరస్థానమున ఇది స్పష్టముగా కనబడుచున్నది. నొప్పులు పట్టగనే రోకలి చేతికిచ్చి ధాన్యము దంపింపవలెనని కొందరి మతము. ఆత్రేయుడు దానిని త్రోసిపుచ్చెను. గర్భిణికి కఠినశ్రమ ఎన్నడును తగదు, ప్రసవవేళ అసలే తగదు. అటునిటు నడచిన చాలునని ఆయన తీర్పు. నొప్పి రానిదే ముక్కరాదనియు, వేళగానపుడు తుమ్మును త్రేనుపును తెప్పించుకొనజాలనట్లే ఇదియు ననియు ఆ గ్రంథము చెప్పుచున్నది. ఇంత తెలిసిన శాస్త్రకారుడే, పురిటింట పెద్దవారైన స్త్రీలు ఇంకేమి చెప్పినను చేయవలసినదే యనెను. పలుమారులు కన్న తల్లులను గర్భిణి చుట్టు ఉంచుమనెను. గ్రంథమునకు అందనిది వారి చేతికి తెలియునని ఒప్పుకొన్నట్లే గదా!

ఇట్లు మనవారి గ్రంథమున ఒకే గదిలో ఇమిడిన ఈ రెండు విద్యలు, పందొమ్మిదవ శతాబ్దమున వియన్నా నగరములో రెండు వార్డులుగా విడిపోయి ఎదురెదురుగ నిలిచినవి. మేము ముఖ్యముగ చెప్పదలచినది ఆ కథ.

వియన్నా సర్వజనాసుపత్రిలో పురుటి విభాగములు రెండుండెను. 1840 నుండి మొదటిదానిలో వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసాని విద్య నేర్చు స్త్రీలును శిక్షణ పొందుచుండిరి. వచ్చిన స్త్రీ ఏ విభాగమునకు పోవలెనో దినముల వంతునుబట్టి నిర్ణయమగును. ఆసుపత్రి ఒకటే, గాలి ఒకటే. అయినను 1846లో మొదటి విభాగమున నూటికి 11 మందికి పైగా బాలింతలు మరణింపగా, రెండవ విభాగమున ఆ సంఖ్య మూడునకు లోపుగానే ఉండెను. చంపినది సూతికాజ్వరము.

ఈ సంగతి ఊరిలోని స్త్రీలకు తెలియును. మొదటి విభాగపు వంతునాడు వచ్చినవారు మోకరిల్లి, తమ్మిచట చేర్చవలదని వేడుకొనుచుండిరని, అక్కడ పనిచేసిన ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ తరువాత వ్రాసెను. వారిలో పెక్కురు పేదలు. ఆసుపత్రిలో కన్నవారి బిడ్డను అనాథశిశు శరణాలయము ఉచితముగా చేర్చుకొనును. ఆసుపత్రికి వచ్చుచు త్రోవలో కన్నను ఆ హక్కు పోదు. కనుక కొందరు ఊరిలోనే మంత్రసాని చేత పురుడు పోయించుకొని, బండి ఎక్కి వచ్చి, దారిలో కంటిమని చెప్పుచుండిరి. మరికొందరు నిజముగానే ఏ తోడును లేక వీథిలోనో, ఏ ద్వారబంధము చాటుననో కని, బిడ్డను ఒడిలో కట్టుకొని చలిలో నడచి వచ్చుచుండిరి. ఇట్లు వీథిలో కన్నవారికి సూతికాజ్వరము, వార్డులో పరుపుపై కన్నవారికంటె అరుదుగా సోకెను.

వైద్యులు చెప్పిన కారణములకు లోటు లేదు. గాలిదోషమనిరి. గంట మ్రోగించుచు మతాచార్యుడు వార్డుగుండ పోవుటచే కలుగు భయమనిరి. సెమ్మెల్‌వైస్ ఆ గంటను మాన్పించి చూచెను, ఫలము లేదు. స్త్రీలను పడుకొనబెట్టు తీరు మార్చి చూచెను; ఫలము లేదు. 1847 మార్చిలో ఆయన మిత్రుడు, ఆచార్యుడు కొల్లెచ్కా, శవపరీక్ష నేర్పుచుండగా విద్యార్థి కత్తి వ్రేలికి గ్రుచ్చుకొని మరణించెను. ఆ దేహమున కనబడిన చిహ్నములు సూతికాజ్వరపు చిహ్నములే. శవములను కోసిన చేతులతోనే విద్యార్థులు గర్భిణులను పరీక్షించుచుండిరి! మంత్రసాని విద్య నేర్చు స్త్రీలకు శవముల పని లేదు; వారి వార్డు మేలగుటకు మర్మమదియే. ఆ మే నెల నడుమ క్లోరిన్ నీటితో చేతులు కడుగుట నియమమయ్యెను. ఏప్రిలులో నూటికి 18 దాటిన మరణములు జూనున రెండింటికి దిగినవి. 1848లో రెండు విభాగములును దాదాపు సమానమయ్యెను.

ఆ స్త్రీలకు కారణము తెలియదు, నిజము తెలియును. పెద్ద వైద్యులకు కారణములు పెక్కు తెలియును, నిజము తెలియదు. సెమ్మెల్‌వైస్ చేసినదెల్ల, స్త్రీలు భయముగా నెరిగినదానిని లెక్కగా వ్రాయుట. ఆ లెక్కను నాటి వైద్యులలో పెక్కురు అంగీకరింపలేదు. 1865లో ఆయన పిచ్చాసుపత్రిలో మరణించెను.

దీనివలన మంత్రసానియే మేలని తేల్చుట తొందరపాటు. స్కాట్లండులోని అబర్డీనులో అలెగ్జాండరు గోర్డన్ అను వైద్యుడు 1795లోనే తాను చూచిన 77 మంది రోగులను, వారిలో 28 మరణములను, ఎవరికి ఎవరు పురుడు పోసిరో పేరుపేరున ప్రకటించెను. జ్వరమును ఇంటింటికి మోసినది మంత్రసానుల చేతులును, తన చేతులును అని దాచక చెప్పెను. ఊరు ఆయనను సహింపలేదు. మన పల్లెలలో పొట్ట తడిమి బిడ్డ తల ఎటున్నదో చెప్పగల మంత్రసాని చేయియే, కడుగని కొడవలితో బొడ్డు కోసి ధనుర్వాతమును తెచ్చిపెట్టిన దినములు కలవు. తల్లీబిడ్డల ధనుర్వాతము భారతదేశమున నిర్మూలితమైనట్లు ధ్రువపడినది 2015లోనే.

దేశమున నేడు నూటికి సుమారు 89 ప్రసవములు వైద్యశాలలలోనే జరుగుచున్నట్లు 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే తెలుపుచున్నది. అయినను చదువుకొన్నవారిలో కొందరు, ఎవరి సాయమును లేక ఇంటనే కనుట సహజమని వాదించుచున్నారు. వియన్నా వీథులు వారికి సాక్ష్యము కాజాలవు. ఆ స్త్రీలు తప్పించుకొన్నది మురికి చేతిని మాత్రమే. మాయ పడిన పిమ్మట గర్భాశయము ముడుచుకొననిచో, నెత్తురు ధారకట్టి కొలది గంటలలోనే ప్రాణము పోవును. అప్పుడు ఇంజెక్షను, నెత్తురెక్కించు ఏర్పాటు, తెలిసిన చేయి దగ్గర ఉండవలెను. దేహము చెప్పు మాట ఒక్కటి చాలదు.

అయితే ఆసుపత్రి కూడ వినవలసినది కొంత కలదు. ప్రసవమున ప్రమాదసూచనలు లేని స్త్రీని నడవనిండు, ముక్కవలెనని ఆమెకు తోచినపుడే ముక్కనిండు, ఆమె కోరిన మనిషిని ప్రక్కన ఉండనిండు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించెను. అంతకు రెండేండ్ల ముందే, 2016లో, ప్రభుత్వాసుపత్రుల పురుటి గదులలో ఒక తోడు స్త్రీని అనుమతింపవలెనని భారత ప్రభుత్వము తెలిపెను. ఆమె తానును ఒకప్పుడు నొప్పులు పడి కన్నదైనచో మేలనుట అందలి సూచన.