ఆనందరాయని గ్రంథపఠనము

కడప మండలమునఁ బాపఘ్నీనది కొండలను జీల్చుకొని వెలువడు తావునకు గండి యని పేరు. అందలి వీరాంజనేయస్వామిని సేవింపఁ బులివెందుల ప్రాంతపు జనులు తరతరములుగా వచ్చుచున్నారు. దైవమును వెదకుట యీ సీమకుఁ గ్రొత్తగాదు. 1822వ సంవత్సరమున లండను మిషనువారు కడపలో నెలకొని, పిమ్మట జమ్మలమడుగునను స్థానమేర్పఱచుకొని క్రైస్తవగ్రంథములను వ్యాపింపఁజేసిరి. వారి కడపప్రవేశమునకు ముందే, 1818లో, తెలుఁగు క్రొత్తనిబంధనము చెన్నపట్టణమున ముద్రితమయ్యెను. అంతకుఁ బూర్వము సువార్తలఁ దెలిఁగించుటకుఁ దోడ్పడిన యొక పాఠకుని కథ విచారింపఁదగినది.

ఆతఁడు ఆనందరాయఁడను బ్రాహ్మణుఁడు. టిప్పుసుల్తాను సేనలో లెక్కలు వ్రాయువాఁడు. 1799లో నా ప్రభువు మడిసిన పిదప నాంగ్లేయుల కొలువున నట్టి పనియే చేసెను. శాశ్వతసుఖ మెట్లు గలుగునని చింతించుచుండఁగా, వృద్ధబ్రాహ్మణుఁ డొకఁడు మంత్రము నుపదేశించి నాలుగులక్షలమాఱులు జపింపుమనెనఁట. ఉపవాసములతో నట్లే చేసియు శాంతిఁ బొందక యింటికి మరలుచుండ, రోమను కతోలికుఁ డొకఁడు తెలుఁగున నున్న రెండు క్రైస్తవపుస్తకముల నిచ్చెను. వానిని శ్రద్ధతోఁ జదివి, బంధువులు వారించినను వినక యా మతమున జేరెను. తరువాతఁ దరంగంబాడికిఁ బోయి తమిళబైబిలు నెఱిఁగెను.

1805 నుండి విశాఖపట్టణమున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి యను నిరువురు మిషనరీలు తెలుఁగు నభ్యసించుచుండిరి. 1808లో నానందరాయఁడు వారిం జేరెను. తమిళపాఠమును ముందుంచుకొని యాతఁడు తెలిఁగించుచుండ డెగ్రాంజి సరిచూచుచుండెను. క్రాన్ 1809లోను, డెగ్రాంజి 1810లోను గతించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురమున నచ్చువడెను.

ఈ వృత్తాంతము మిషనరీల లేఖలవలనఁ దెలియుచున్నది. క్లాడియస్ బుకానన్ 1811లోఁ బ్రకటించిన గ్రంథమునను గలదు. జపము నిష్ఫలమనియుఁ బుస్తకము సఫలమనియుఁ జెప్పుట వారి కభిమతము. కావున నా భాగమును సావధానముగాఁ జదువవలెను. అయినను వారు తెలియకయే యొక సత్యమును భద్రపఱచిరి. ఆనందరాయని ప్రశ్న పుస్తకముకంటె ముందు పుట్టినది. ఏ శ్రద్ధ యాతనిచే నాలుగులక్షల జపము చేయించెనో, యా శ్రద్ధయే యా రెండు పుస్తకములను జదివించెను. గ్రంథ మాతనికి జిజ్ఞాసను గలిగింపలేదు, జిజ్ఞాసువునకు లభించినది.

మఱియొక విశేషము: ఆ పుస్తకములు తెలుఁగువి. షుల్జి వ్రాసిన చిన్నపుస్తకములు 1746 మొదలు హాలె నగరమున ముద్రితములయ్యెను. ఆ శతాబ్దియందే మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనమను కావ్యమునఁ గ్రీస్తుచరిత్రను వర్ణించెను. కావునఁ దెలుఁగు క్రైస్తవవాఙ్మయము విశాఖపట్టణపు మిషనుతోఁ బుట్టినది కాదు. అదివఱకే యున్న యట్టి రచనలను జదివి, తెలుఁగువాఁ డొకఁడు కలముఁబట్టెను.

అచ్చుపడిన తొలి సువార్తలు సామాన్యముగా డెగ్రాంజి పేర వ్యవహరింపఁబడుచున్నవి. మతమెట్టిదైనను, భాషాసేవ భాషాసేవయే. తెలుఁగు వచనచరిత్రను వ్రాయువారును, బాఠశాలలలో బోధించువారును ఆ పేరిప్రక్క నానందరాయని పేరునుగూడఁ జేర్చుట న్యాయము.