అశ్వకిశోరముల కన్నీటి త్రోవ

అశ్వవైద్యము మన దేశమున ప్రాచీన శాస్త్రము. తెలుగు నాయకరాజులేలిన తంజావూరిలోని సరస్వతీమహలు గ్రంథాలయము, నకులుని పేర ప్రసిద్ధమైన అశ్వశాస్త్రమును 1952లో ప్రకటించినది. ఆ వైద్యమునకు తరువాతి కాలమున రసాయనశాస్త్రము తోడైన తీరునకు ఒక నిదర్శనము చూపుదును.

కన్నీరు కంటినుండి ముక్కునకు దిగుటకు సన్నని నాళము కలదు. కొన్ని గుఱ్ఱపు పిల్లలకు ముక్కుపుటమందలి దాని ద్వారము పుట్టుకతోనే మూసికొనియుండును. అందుచే కన్ను ఎడతెగక కారును; నిలిచిన నీరు పిదప చీముగా మారును. కంటికి మాత్రమే మందు వేసిన ప్రయోజనము లేదు.

1871లో జర్మను శాస్త్రజ్ఞుడు బేయరు ఫ్లోరెసీను అను రంగును తయారుచేసెను. నేడు వైద్యులు దానిని కంట వేయుదురు; ముక్కున దిగకున్నచో నాళమున అడ్డున్నదని అనుమానింతురు. కనురెప్ప రంధ్రమునుండి సన్నని గొట్టమును పంపి, ముక్కున ఉబ్బిన పొరను కోసి, ద్వారము తిరిగి మూసికొనకుండ గొట్టమును కొన్ని వారములుంతురు.

కావున కన్ను కారు పిల్లను చూచి నిరాశ చెందరాదు. ముందుగా దాని ముక్కును పరీక్షింపవలెను.