ఉత్తర సర్కారుల బెరిబెరి వ్యాధియు, కూనూరు పరిశోధనశాలయు

పూర్వము చెన్నరాజధానిలో ఉత్తర సర్కారులని పేర్గాంచిన తీరమండలములకు వైద్యశాస్త్ర చరిత్రలో ఒక విషాదకరమైన ప్రసిద్ధి కలదు. గంజాము మొదలు దక్షిణమునకు సాగు ఈ తెలుగు తీరమున బెరిబెరి యను వ్యాధి దీర్ఘకాలము నెలకొని యుండెను. కాళ్లు తిమ్మిరెక్కి నడక తడబడుట, ఒడలు వాచుట, గుండె బలహీనమై ఆకస్మికముగా మరణము సంభవించుట దాని లక్షణములు. ఆహారలోపము గల తల్లిపాలు త్రాగిన పసిబిడ్డలు సైతము దానికి బలియగుచుండిరి. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు గంజాములో అధికభాగము అందు చేరినది. కావున ఈ చరిత్ర కోస్తా ఆంధ్రులకెంతటిదో, బరంపురము ప్రాంతమున తరతరములుగా నివసించుచున్న తెలుగువారికిని అంతటిదే. నిరుపేదల వ్యాధిని గూర్చిన పరిశోధనకు తొలినాట లభించు స్వల్పధనము ఎంతటి ఫలమిచ్చునో, అది నడుమ ఆగినచో ఏమగునో ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

ఈ వ్యాధిపై శ్రద్ధ మొదట సైన్యము మూలమున కలిగెను. సర్కారులలో నియమితులైన సిపాయిలు దీనిపాలబడుచుండగా, చెన్నపట్టణపు వైద్యమండలి ఈ విషయముపై ఉత్తమ వ్యాసమునకు బహుమానము ప్రకటించినది. సైనికవైద్యుడగు జాన్ గ్రాంట్ మాల్కమ్సన్ వ్రాసిన గ్రంథము 1835లో చెన్నపట్టణమున ముద్రితమయ్యెను. రోగలక్షణములను ఆయన శ్రద్ధగా వర్ణించెను గాని, విటమినులను గూర్చిన జ్ఞానమే లేని ఆ కాలమున మూలకారణము బోధపడుటకు వీలు లేకపోయెను. బహుమానము ఒక గ్రంథమును పుట్టించినది. ఎడతెగని పరిశోధనను మాత్రము పుట్టింపలేదు.

19వ శతాబ్ది చివర జావా ద్వీపమున ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు, పాలిష్ పట్టిన బియ్యము మేసిన కోళ్లకు ఇట్టి నరముల వ్యాధి కలుగుటను, తవుడు పెట్టినచో అది నయమగుటను గమనించెను. దీనితో దృష్టి ఆహారముపైకి మరలెను. మన దేశమున 1911లో ఏర్పడిన భారతీయ పరిశోధననిధి సంఘము వైద్యపరిశోధనలకు ధనసాహాయ్యము చేయజొచ్చెను. 1918లో నీలగిరులందలి కూనూరు పాస్టర్ సంస్థలో, ఒకే ఒక గదిలో, రాబర్టు మెకారిసన్ నాయకత్వమున బెరిబెరి విచారణ ప్రారంభమయ్యెను. ఒక గది, కొన్ని పావురములు, స్వల్పమైన సాహాయ్యము: దాని ఆరంభసంపత్తి ఇంతియే.

అయిదేండ్లు నిండునంతలోనే ఆ విచారణకు విఘ్నము కలిగెను. ప్రభుత్వము వ్యయములను తగ్గింపబూని 1923లో దానిని నిలిపివేసెను. 1925లో అది లోపవ్యాధుల విచారణ యను పేర పునరుద్ధరింపబడి, 1928 నాటికి పోషకాహార పరిశోధనశాలగా రూపొందెను. మెకారిసన్ దాని ప్రథమాధ్యక్షుడు. ఆ రెండేండ్ల విరామము నాటి లెక్కలలో పొదుపుగా కనిపించి యుండవచ్చును. సర్కారుల తీరమున వ్యాధి మాత్రము విరామము పాటింపలేదు.

1935లో అధ్యక్షత వహించిన ఐక్రాయిడ్ కాలమున పరిశోధన ప్రయోగశాల గోడలు దాటి పేదల వంటయిండ్లకు చేరెను. కుటుంబములు వాస్తవముగా ఏమి తినుచున్నవో, ఎంత తినుచున్నవో తూచి లెక్కించు పద్ధతి వ్యాపించెను. ఆయనయు, సహచరులును 1940లో బియ్యపు సమస్యపై ప్రకటించిన గ్రంథము సర్కారుల ప్రశ్నకు సమాధానము చూపినది. వరియన్నము తిను ప్రాంతములన్నిటను బెరిబెరి లేదు. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి దంచిన ఉప్పుడు బియ్యమును వాడు మలబారు వంటి ప్రాంతములలో అది అరుదు. ఉడికించునపుడు బి1 విటమిను పైపొరనుండి గింజలోనికి ఇంకును. అందుచే మరపట్టినను పూర్తిగా నశింపదు. సర్కారులవారు తినునది మరపట్టిన పచ్చిబియ్యము. దాని పైపొర తవుడుతో పోవును; మిగిలినదానిలో కొంత కడుగునీటితోను, కొంత గంజితోను పోవును. పప్పు, కూరలు సమృద్ధిగా గలవారికి ఈ లోపము తీరును. అన్నమే ఆహారమైన పేదకు తీరదు.

1958లో ఈ పరిశోధనశాల హైదరాబాదునకు తరలి, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరువనే వెలసినది. అచట జొన్న ప్రధానాహారముగా గల తెలంగాణా పేదలలో కనిపించు పెలాగ్రా వ్యాధిపై దృష్టి మరలెను. జొన్నలోని ల్యూసిన్ దీనికొక కారణమని సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్య 1960లో ప్రతిపాదించిరి. దానిపై తరువాత చాల చర్చ జరిగినది. పిల్లల అంధత్వమును నివారించుటకై ఆరునెలలకొకసారి ‘ఎ’ విటమిను నిచ్చు జాతీయ కార్యక్రమము 1970లో ఆరంభమగుటకు ఇచటి పరిశోధనలే ఆధారము. 1969లో ఈ సంస్థ జాతీయ పోషకాహార సంస్థ యైనది. ఒక గదిలో మొదలైన విచారణ అర్ధశతాబ్దిలో ప్రభుత్వవిధానమును నిర్ణయించు స్థితికి వచ్చెను.

అయినను 1923 నాటి పాఠము సంపూర్ణముగా నేర్చినట్లు లేదు. పల్లెల ఆహారస్థితిని ఎడతెగక పరిశీలించుటకై 1972లో ఇదే సంస్థలో జాతీయ పోషకాహార పరిశీలక విభాగము ఏర్పడెను. ఆంధ్రప్రదేశముతోపాటు కర్ణాటకము, తమిళనాడు, ఒడిస్సా, మహారాష్ట్రములు దాని పరిధిలోనివే. నాలుగు దశాబ్దములు పనిచేసిన ఆ విభాగము 2015లో మూతబడినది.

నేడు పలు విశ్వవిద్యాలయములు, ఇంకను రుజువుకాని ప్రశ్నలపై తొలి పరిశీలన చేయువారికి స్వల్పమొత్తములను ప్రత్యేకించుచున్నవి. దీనిని విత్తననిధి యందురు. దీని ఆవశ్యకత స్పష్టము. పెద్దనిధులనిచ్చు సంస్థలు ముందు ఆధారము చూపుమనును. నిరుపేదల ఆరోగ్యమును గూర్చి ఎవరును లెక్కలు సేకరింపనందున ఆధారముండదు. ఆధారము లేనందున ధనము రాదు. ఈ వలయమును ఛేదించునది తొలి చిన్నమొత్తమే. చెన్నపట్టణపు వీధులను శుభ్రపరచు తెలుగు కార్మికుల ఊపిరితిత్తులను గూర్చియు, షోలాపురపు నేతకుటుంబముల ఆహారమును గూర్చియు అడుగవలసిన ప్రశ్నలు గలవు. ప్రవాసాంధ్ర సంఘములు తమ ప్రాంతపు విశ్వవిద్యాలయములను ఇందులకు ప్రోత్సహింపవచ్చును. తెలుగు తెలిసిన పరిశీలకులను సమకూర్పవచ్చును. విత్తు నాటుట ఎంత ముఖ్యమో, మొలక యెండకుండ నీరు పెట్టుటయు అంతే ముఖ్యమని కూనూరు గది చరిత్ర చెప్పుచున్నది.